పెళ్లిచూపులకు పోయొచ్చిన ఇంజనీర్లు

కరీంనగర్‌లో పెరిగినవాళ్లకు నీళ్ల విషయంలో కొంచెం గర్వం, కొంచెం ఉక్రోషం రెండూ ఉంటాయి. ఊరి పక్కనే లోయర్ మానేరు డ్యాం, నిండితే 24 టీఎంసీలు. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తుంటే ఆ నీళ్లు కనబడగానే ఊరొచ్చేసినట్టు. ఇంటికొచ్చి చూస్తే నల్లా మాత్రం తన టైముకే వచ్చేది. డ్యాములో నీళ్లుండటం ఒక సంగతి, మూడో గల్లీ చివరింటి బిందెలోకి అవి చేరడం ఇంకో సంగతి. ఈ రెంటి మధ్య పంపులు, ఫిల్టర్ బెడ్లు, ట్యాంకులు, వాల్వులు, మోరీల పక్కనుంచి పోయే పైపులు ఉన్నాయి. వాటిని నడిపే మనుషులున్నారు. ఆ మనుషులకు తెలిసిన విద్య ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎట్లా పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది కొన్నేళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న.

సాహిత్యం చదువుకునే చోట ఈ పైపుల గోలేంటని అనుకోవద్దు. ఎవరు ఎవరికి ఏ కథ చెప్తారు, ఏ కథ చెప్పకుండా మింగేస్తారు అన్నదే ఇక్కడ కూడా అసలు విషయం.

2017 జూన్‌లో కరీంనగర్ స్మార్ట్ సిటీల జాబితాలోకి ఎక్కింది. 2025 జనవరిలో కేంద్ర మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ వచ్చి, నగరంలో కొన్ని కాలనీలకు 24 గంటల నీటి సరఫరాను ప్రారంభించారు. నల్లా టైము కోసం అలారం పెట్టుకుని లేచిన తరానికి ఇది చిన్న విషయం కాదు. ఇట్లాంటిది ఒక ఊళ్లో మొదలైందంటే పక్క ఊళ్ల మున్సిపాలిటీ వాళ్లు చూడటానికి రావడం మామూలే. జగిత్యాల, సిరిసిల్ల, రామగుండం, ఆదిలాబాద్, రేపు ఎవరైనా రావచ్చు. వచ్చినవాళ్లకు మనం ఏం చూపిస్తాం?

మా మేనమామ ఉత్తర తెలంగాణలో ఒక మున్సిపాలిటీలో నీటి సరఫరా విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉన్నప్పుడు వేరే రాష్ట్రాలకు స్టడీ టూర్లకు పోయొచ్చాడు. ఏం నేర్చుకున్నావు మామా అని అడిగితే నవ్వేవాడు.

"అవి పెళ్లిచూపులు అల్లుడా. పోయిన ఇంట్ల ఆ రోజు అన్నీ కడిగిపెట్టి ఉంటయ్. చాయ బిస్కెట్లు మంచిగుంటయ్. ఆ ఇంట్ల మామూలు రోజు ఏం లొల్లి అయితదో మనకు జెప్పరు. మనం గూడ అడగం."

ఈ మాట నాకు చాలాకాలం సరదాగానే అనిపించింది. తర్వాత్తర్వాత ఇందులో పెద్ద ఫిర్యాదే ఉందని అర్థమైంది.

అట్లాగని ప్రభుత్వాలు ఈ విషయం పట్టించుకోలేదని కాదు. 2005 చివర్లో కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం మొదలుపెట్టింది. దాని కిందనే 2007లో పెర్ల్ అనే కార్యక్రమం వచ్చింది. సాటివాళ్ల అనుభవాల మీద ఆలోచన చేసి నేర్చుకోవడం అని దాని పూర్తిపేరుకు అర్థం. ఒక నగరం చేసిన పని ఇంకో నగరానికి తెలియాలన్నది ఉద్దేశం. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నీటి సరఫరాకు 9 కొలమానాలు పెట్టింది. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, లెక్కకు రాకుండా పోయే నీరు 20 శాతం లోపు, ప్రతి కనెక్షన్‌కూ మీటరు, ఇట్లా. దానివల్ల ఊళ్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదిరింది. నీ దగ్గర 45 శాతం పోతోంది, పక్కోడి దగ్గర 30 శాతమే పోతోంది అని తెలుస్తుంది. ఎందుకు పోతోందో మాత్రం ఆ అంకె చెప్పదు. ఆ 9 కొలమానాల్లో 'పోయినేడు ఏం చెడిపోయింది, దాన్నుంచి ఏం నేర్చుకున్నాం' అనే గడి లేదు.

మంచి సంగతులు ప్రయాణించడం మనకు తెలుసు. తొంభైల చివర్లో కేసీఆర్ సిద్దిపేట ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు ఇదే లోయర్ మానేరు నుంచి ఆ నియోజకవర్గపు ఊళ్లకు తాగునీటి పథకం తెచ్చారు. ఆ నమూనానే పెద్దదై మిషన్ భగీరథ అయింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని మోదీ దాన్ని ప్రారంభించారు. తర్వాత వేరే రాష్ట్రాల బృందాలు దాన్ని చూడటానికి వచ్చాయి. అంటే గెలిచిన పథకానికి కాళ్లొస్తాయి. రాష్ట్రం దాటుతుంది, పేరు మారుతుంది, ఇంకో చోట శిలాఫలకం ఎక్కుతుంది. ఓడిపోయిన రోజులకే కాళ్లు ఉండవు.

అవి నిజంగా ఎక్కడ నడుస్తాయో నేను ఒక పెళ్లిలో చూశాను. కొన్నేళ్ల కింద జగిత్యాలలో చుట్టాల పెళ్లి. భోజనాల దగ్గర మామతో పాటు ఇంకో ఇద్దరు కూర్చున్నారు. వేరువేరు మున్సిపాలిటీల్లో నీళ్ల పని చూసేవాళ్లు. నేను మామ పక్కన కుర్చీలో ఉన్నాను. ఒకాయన చెప్తున్నాడు: వానాకాలంలో ఒక గల్లీలో నీళ్లు పరీక్ష చేస్తే పసుపు రంగు రావట్లేదు. చిన్నప్పుడు మీరూ చూసే ఉంటారు, మున్సిపాలిటీ ఆయన వచ్చి చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తాడు. పసుపు రంగు వస్తే నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉన్నట్టు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారతీయ ప్రమాణం. రాకపోతే ట్యాంకు దగ్గర బ్లీచింగ్ పెంచుతారు. ఈయనా పెంచాడట. రెండ్రోజులు చూశాడు, ఆ గల్లీలో రంగు రాలేదు, పక్క గల్లీలో మాత్రం జనం వాసనొస్తోందని లొల్లి పెట్టారు.

రెండో ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "డోసు పెంచుడు కాదన్నా. క్లోరిన్‌ను ఏది తింటుందో చూడాలె."

చూశారట. ఒక్కో వాల్వు కట్టుకుంటూ, ఎక్కడి నుంచి రంగు పోతోందో పట్టుకుంటూ పోతే ఒక ఇంటి దగ్గర ఆగింది. ఆ ఇంటి నల్లా పైపు మోరీలోంచి పోతోంది. ఇనుప పైపు, తుప్పు పట్టి చిల్లు పడింది. అది ఒక్కటే అయితే నీళ్లు వచ్చినప్పుడు చిల్లులోంచి బయటికే చిమ్ముతాయి. ఆ ఇంటివాళ్లు నల్లాకు నేరుగా మోటరు పెట్టారు. మోటరు గుంజితే పైపులో ప్రెషర్ పడిపోయి, చిల్లులోంచి మోరీ నీళ్లు లోపలికొస్తున్నాయి. అక్కడి నుంచి గల్లీ మొత్తానికి.

మామ అడిగాడు: "మరి ఇది ఆఫీసుల రాసినవా?"

"రాస్తే ముందుగాల నాకే మెమో ఇస్తరు సార్. ఎన్ని రోజుల్నుంచి కలుస్తుందని అడుగుతరు. ఏం జెప్పాలె? పైపు మార్చినం, అయిపోయింది."

అయిపోలేదు. ఆ రాత్రి ఆ విద్య ముగ్గురికి తెలిసింది. అదే వానకు అదే రకం గల్లీలో బ్లీచింగ్ పెంచుకుంటూ కూర్చున్న నాలుగో ఇంజనీరు ఆ పెళ్లికి రాలేదు.

ఇది మన దగ్గరే ఉన్న అలవాటేం కాదు. జూలియన్ ఓర్ అని ఒకాయన ఉన్నాడు. తను టెక్నీషియన్‌గా పనిచేసి తర్వాత మానవశాస్త్రవేత్త అయ్యాడు. జిరాక్స్ మెషీన్లు బాగుచేసేవాళ్ల వెంట తిరిగి, 1996లో 'టాకింగ్ అబౌట్ మెషీన్స్' అనే పుస్తకం ప్రచురించాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో ప్రతి ఎర్రర్ కోడ్‌కూ ఒక మందు రాసి ఉంటుంది. కానీ మొండికేసిన మెషీన్ దగ్గర వాళ్లకు పనికొచ్చేది టిఫిన్ చేస్తూ ఒకరికొకరు చెప్పుకున్న కథలు. 'ఒకసారి నాకు ఇట్లాగే అయింది' అని మొదలయ్యే కథలు. తర్వాత జిరాక్స్ యురేకా పేరుతో ఆ చిట్కాలను రాసుకునే ఏర్పాటు చేసింది. చిట్కా సరైనదో కాదో తోటి టెక్నీషియన్లే చూసేవారు. చిట్కా కింద రాసినవాడి పేరు ఉండేది. చిట్కాకు డబ్బులిస్తామంటే కూడా ఆ టెక్నీషియన్లు పేరుకే మొగ్గు చూపారట. జగిత్యాల పెళ్లి భోజనం గుర్తొచ్చి, ఈ పుస్తకం మామకు తెలుగులో చెప్పాలనిపించింది.

ఇక్కడ ఒక అడ్డం ఉంది. అనుభవజ్ఞుల మాట అనగానే మనకు కళ్లు చెమరుస్తాయి. చేతిలో ఉన్న విద్య, పుస్తకాల్లో లేని జ్ఞానం అని రాసేస్తాం. చేతి విద్యలో తప్పుడు అలవాటు కూడా అంతే భద్రంగా తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. కెనడాలోని వాకర్టన్ కథ చదివితే ఇది తెలుస్తుంది.

వాకర్టన్ ఒంటారియో రాష్ట్రంలో సుమారు 5,000 మంది ఉండే చిన్న ఊరు. 2000 మేలో పెద్ద వానలు పడ్డాయి. పశువుల పేడలోని బ్యాక్టీరియా ఊరి బావుల్లో ఒకదానిలోకి చేరింది. 7 మంది చనిపోయారు, 2,300 మంది జబ్బుపడ్డారు. నీటి సరఫరా చూసేది ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ల నాన్న కూడా అక్కడే అదే పని చేసినవాడు. పని చూసి పని నేర్చుకున్నారు, పరీక్ష రాయకుండానే సీనియారిటీ మీద సర్టిఫికెట్లు వచ్చాయి. క్లోరిన్ ఎంత మిగిలిందో రోజూ కొలవాలి. కొలవకుండానే లెక్క రాసేవాళ్లు. దుర్మార్గులని కాదు, తమ బావి నీళ్లు శుభ్రమని నిజంగా నమ్మారు. ఆ నీళ్లే వాళ్లూ తాగేవారు. ఆ బావి దగ్గర క్లోరిన్‌ను ఎడతెగకుండా కొలిచే యంత్రం ఉండి ఉంటే ఈ విపత్తు తప్పేదని విచారణ తేల్చింది. మన దగ్గర గాజు గొట్టంలో పసుపు రంగు చూసేది కూడా ఆ క్లోరిన్ కోసమే.

అయితే వాకర్టన్ గురించి నన్ను ఎక్కువ ఆపేసింది తర్వాత జరిగింది. జస్టిస్ ఓకానర్ విచారణ జరిపి 2002లో రెండు భాగాల నివేదిక ఇచ్చారు. ఎవరెవరు ఎక్కడ తప్పారో, ప్రభుత్వం ల్యాబులను ప్రైవేటుకిచ్చి ఏ జాగ్రత్త మరిచిందో, అన్నీ బహిరంగంగా. 2004లో ఆ అన్నదమ్ములకు శిక్షలు పడ్డాయి. అదే 2004లో అదే ఊళ్లో వాకర్టన్ క్లీన్ వాటర్ సెంటర్ అనే శిక్షణా సంస్థ వచ్చింది. ఒంటారియోలో నీళ్ల పని చేసేవాళ్లు అక్కడికి వచ్చి నేర్చుకుంటారు. ఊరు తన పేరు దాచుకోలేదు. చావులు జరిగిన ఊరి పేరుతోనే బడి పెట్టుకుంది. స్టీవ్ హ్రూడీ అనే ప్రొఫెసర్ ఇట్లాంటి ఘటనలను ధనిక దేశాల నుంచి ఏరి, 2004లో ఎలిజబెత్ హ్రూడీతో కలిసి ఒక పుస్తకం చేశాడు. తర్వాత 2014లో, నీళ్ల పని చేసేవాళ్ల కోసమే, వాళ్ల అనుభవాలతోనే ఇంకో పుస్తకం వేశారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి పలువురు చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో అతిసారం ప్రబలి పదిమందికి పైగా చనిపోయారు. తాగునీటిలో మురుగు కలిసిందని అప్పుడు ఊరంతా అట్టుడికింది. రెంటి మధ్య తొమ్మిదేళ్లు. భోలక్‌పూర్ నాటికి ఈ రెండు నగరాలూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. మామకు భోలక్‌పూర్ సంగతి తెలిసింది పేపర్లో. గుంటూరు సంగతీ పేపర్లోనే. చావుల సంఖ్య, ధర్నా, మంత్రిగారి పరామర్శ, ఎక్స్‌గ్రేషియా. ఏ పైపు, ఏ మోరీ, ఎన్ని రోజుల ముందు ఏ సూచన కనబడింది, దాన్ని ఏమనుకున్నారు అన్నవి పేపర్లో రావు. వాటర్ సప్లై ఇంజనీరుకు కావలసింది సరిగ్గా అవే.

రోజుకు గంటో, రోజు విడిచి రోజో నీళ్లిచ్చే ఏ ఊళ్లోనైనా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. నీళ్లు ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది, ప్రెషర్ ఉండదు, చుట్టూ ఉన్న మురుగు చిల్లుల్లోంచి లోపలికి దిగుతుంది. కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు 24 గంటల నీళ్లు, మిగతా ఊరికి విడతల వారీ నీళ్లు వచ్చిన రోజుల్లో పరిశోధకులు రెండు చోట్లా నల్లా నీళ్లు పరీక్షించారు. 2013లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. విడతల నీళ్లలో 31.7 శాతం నమూనాల్లో ఈ-కోలి బ్యాక్టీరియా ఉంది. 24 గంటల నీళ్లలో 0.7 శాతంలో మాత్రమే. కరీంనగర్ కాలనీల్లో మొదలైనది సౌకర్యం ఒక్కటే కాదని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మిగిలిన ఊళ్లకు అది ఎంత త్వరగా చేరాలో కూడా.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్లు పడిపోతే లేపే టీములో. మా వృత్తిలో పోస్ట్‌మార్టం అనే అలవాటుంది. సర్వీసు ఆగిపోయి మళ్లీ లేచాక, ఏం జరిగిందో నిమిషాలతో సహా రాస్తారు. ఎవరు చేశారని రాయరు, ఎట్లా జరగగలిగింది అని రాస్తారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. బ్యాకప్‌లు చూస్తే పనిచెయ్యట్లేదు. కంపెనీ తలుపులు మూసుకోలేదు. బాగుచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, తర్వాత మొత్తం రాసి బయటపెట్టింది. అది చదివినవాడెవడికైనా ముందు తన బ్యాకప్ పనిచేస్తోందా అన్న అనుమానమే వస్తుంది.

అయితే ఈ పోలికను ఒక హద్దు దాటి లాగకూడదు. గిట్‌ల్యాబ్‌లో పోయింది ఆరు గంటల డేటా. గుంటూరులో పోయినవి ప్రాణాలు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి పోయి, ఎవరినీ నిందించకుండా నేర్చుకుందాం అమ్మా అని చెప్పే హక్కు నాకు లేదు. శిక్ష ఉండాల్సిన చోట శిక్ష ఉండాలి. వాకర్టన్ నాకు ముఖ్యమైంది ఇందుకే. అక్కడ శిక్షా పడింది, బడీ వచ్చింది. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోలేదు. మన దగ్గర సస్పెన్షన్ ఆర్డరు రాగానే కథ ముగుస్తుంది. నెల తర్వాత ఆయన తిరిగొస్తాడు, ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫర్ అవుతాడు. నేర్చుకున్నది ఆయన లోపలే ఉండిపోతుంది.

పైగా మన వ్యవస్థలో పైపులు వేసేది ఒకరు, నడిపేది ఇంకొకరు. పెద్ద పనులు ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ చేయించి మున్సిపాలిటీకి అప్పగిస్తుంది. వేసినవాడికి పదేళ్ల తర్వాత ఆ జాయింటు ఎట్లా ఉందో తెలియదు. నడిపేవాడికి అది అక్కడెందుకు పెట్టారో తెలియదు. ఒకే ఊళ్లోనే ఇద్దరి మధ్య ఇంత ఖాళీ ఉంటే, ఊరికీ ఊరికీ మధ్య సంగతి చెప్పాలా?

నేను కోరుకునేది పెద్ద పథకమేం కాదు. కరీంనగర్ కాలనీలను చూడటానికి పక్క ఊళ్ల వాళ్లు వచ్చినప్పుడు ట్యాంకూ, మీటరూ, తెర మీద గ్రాఫూ చూపించాక, ఒక గంట కేటాయించి చెడిపోయిన సంగతులు చెప్పాలి. 24 గంటలు ప్రెషర్ పెట్టాక మొదట ఏ పాత జాయింటు వదిలింది? ఏ గల్లీని రెండుసార్లు తవ్వారు? మీటరు పెట్టగానే జనం ఏమన్నారు? విడతల లెక్కకు అలవాటుపడిన వాల్వ్‌మన్‌కు ఇప్పుడు ఏ పని, ఆయన్ను ఎట్లా ఒప్పించారు? ఆ తర్వాత ఒక్కో ఘటనకు అరపేజీ రాయాలి. మొదట ఏం కనబడింది, ఏమనుకున్నాం, తీరా ఏం తేలింది, నీ ఊళ్లో నువ్వు ముందు ఏం చూసుకోవాలి. ఈ నాలుగు ముక్కలే. ఆ అరపేజీ మెమోకు ఆధారం కాదని శాఖ ముందే మాటివ్వాలి. అన్ని మున్సిపాలిటీలకూ వానాకాలం ముందే అది పోవాలి.

మొన్న ఫోన్లో ఇదంతా మామకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. యురేకా సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"పేరు బెట్టి మెమో ఇస్తరని భయపడి రాయకపోతిమి. పేరు బెట్టి మంచిగ జెప్పినవంటరని తెలిస్తే ఎందుకు రాయం రా? మా దగ్గర ఒక్కొక్కనికి ఇరవై ముప్ఫై ఉంటయ్."

ఇరవై ముప్ఫై! తెలంగాణలో వందకు పైగా మున్సిపాలిటీలున్నాయి. ఒక్కో చోట ఇట్లాంటి మనిషి ఒక్కడే ఉన్నాడనుకున్నా, అది ఎంత పెద్ద గ్రంథమో లెక్కేసుకోండి. ఏటా అందులో కొన్ని పేజీలు రిటైరైపోతున్నాయి.